రెండు వైపులా పల్లం

పాలకొల్లు,
ఫిబ్రవరి 9.

ఒసే సూర్యకళా,

ఫోన్ చేస్తే నీ కార్ల షెడ్డులో కంప్రెసర్ మోతకి నా మాట నీకు వినపడదు, నీ అరుపులకి నా చెవులు పనిచేయవు. మొన్న పావుగంట మాట్లాడాక "ఇంతకీ ఎవరండీ?" అన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను, బీఈడీ హాస్టలు నుంచి సెలవులకి వెళ్ళినప్పుడు రాసుకున్నట్టు ఉత్తరాలే నయమని. తీరిగ్గా చదువుకో. చదివాక దీంతో గ్రీజు తుడుచుకున్నావంటే మాత్రం ఊరుకోను.

ముందు మంచి మాట. హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ జాబితాలో నా పేరు వచ్చింది! ఇన్నేళ్ళూ లెక్కల టీచరుగా సుద్దముక్క పట్టుకున్నదాన్ని, జూన్‌లో బళ్ళు తెరిచేసరికి ఏదో ఒక హైస్కూలుకి పెద్దదాన్ని. స్టాఫ్‌రూములో అందరూ అభినందించారు. అభినందించిన ప్రతివాళ్ళూ ఆ వెంటనే అడిగిన మాట, "మరి వెళ్ళి రావడం ఎలాగండీ?" పోలియో కాళ్ళు నాకు కొత్తా? ఇప్పటిదాకా బడి రెండు వీధుల అవతలే గనక, చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయేదాన్ని గనక, ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.

అన్నయ్య సంగతి నీకు తెలుసు. రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఏడాదల్లా బండి మారుస్తాడు. ఈసారి కొత్తది కొని, ఆ పాత పెద్ద జర్మనీ బండి నాకిచ్చేశాడు. నువ్వు పోయిన నెల బిగించిన చేతి బ్రేకూ చేతి యాక్సిలరేటరూ వెన్నలా ఉన్నాయి. తోలడానికి ఏ బాధా లేదు. బాధంతా ఎక్కడమే. సీటుని మోటారుతో అడుగంటా దించినా నా కుర్చీ కంటే బెత్తెడు పైనే ఉంటోంది. కుర్చీకీ సీటుకీ మధ్య చెక్క పలక వేసుకుని చేతుల మీద జరుగుదామంటే అది గోడెక్కినట్టే.

నిన్న గుడికి వెళ్ళొచ్చాం. వచ్చేటప్పుడు అన్నయ్య నన్ను రెండు చేతులా ఎత్తి సీట్లో పెట్టాడు, రొయ్యల మేత బస్తాని లారీలో పెట్టినట్టు. ప్రేమగానే పెట్టాడు, కాదనను. కొబ్బరికాయల కొట్టాయన "జాగ్రత్తండీ, తల తగులుద్ది" అన్నాడు. నాతో కాదు, అన్నయ్యతో. నలభై ఏడేళ్ళ దాన్ని ఎదురుగా పెట్టుకుని నా తల గురించి ఇంకొకరితో మాట్లాడాడే!

రేపు స్కూలు గేటు దగ్గర రోజూ పొద్దున్నే నన్నెవరో అలా ఎత్తి దించుతుంటే ఆరో తరగతి పిల్లాడు కూడా నా మాట వినడు. వాడి సంగతి తర్వాత, నాకే గొంతు పెగలదు. అందుకని, తల్లీ, ఆ బండిని కిందకి దించు. ఎలాగో నాకు తెలీదు, నువ్వున్నది అందుకే. నా చేతులతో నేను ఎక్కాలి, నా చేతులతో నేను దిగాలి. కుదరదంటావా, ప్రమోషన్ వద్దని రాసిచ్చేస్తాను. నిజంగానే రాసిచ్చేస్తాను.

నీ మధులత


రాజమండ్రి,
ఫిబ్రవరి 17.

హెడ్‌మిస్ట్రెస్ గారి దివ్యసముఖమునకు,

ఏమేవ్, రాసిచ్చేస్తావా? బీఈడీ చదివి మా నాన్న షెడ్డులో నట్లు బిగిస్తున్నానని ఊరంతా నవ్వినప్పుడు నువ్వేగా "నవ్వనీవే, నువ్వు బిగించు" అన్నది. ఇప్పుడు నేను బిగిస్తాను, నువ్వు నోరు మూసుకుని జాయినవ్వు.

నీ బండికి మామూలు స్ప్రింగులు లేవు. ఎయిర్ సస్పెన్షన్. అంటే ఒక్కో చక్రం దగ్గర గాలి నింపిన రబ్బరు సంచి. దాని పక్కన వేలెడంత కడ్డీ ఉంటుంది. బండి నేలకి ఎంత ఎత్తులో ఉందో అది కంప్యూటరుకి చెబుతుంది. దిగిపోతే కంప్యూటరు గాలి కొడుతుంది, లేచిపోతే తీసేస్తుంది. కంపెనీ ఇచ్చిన మీట నొక్కితే కాస్త దిగుతుంది గానీ నీ బెత్తెడికి అది చాలదు.

ఇంకా దించాలంటే బయటి సరుకు వేయాలి. అందులో రకాలున్నాయి. గాలి సంచులన్నీ పీకి పారేసి పొట్టి స్ప్రింగులు వేసే వాళ్ళున్నారు. కుర్రాళ్ళు సోకు కోసం వేయిస్తారు. ఆ పని నీకు చేస్తే నీ నడుము నన్ను తిడుతుంది. లేదా, ఆ వేలెడు కడ్డీలు తీసి పొడవు మార్చుకునే కడ్డీలు వేయొచ్చు. కంప్యూటరుని బురిడీ కొట్టించడమన్నమాట. బండి కిందకి దిగి కూర్చున్నా "ఆఁ, సరిగ్గానే ఉన్నాను" అనుకుంటుంది పిచ్చిది. ఇంకొకటి, తీగల మధ్యలో ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. అదీ కంప్యూటరుకి అబద్ధమే చెబుతుంది గానీ మనం మీట నొక్కినప్పుడే చెబుతుంది.

నన్నడిగితే కడ్డీలు. పెట్టెలంటే నాకు గిట్టదు. మీ వైపు గాలిలో ఉప్పు, వానాకాలం తేమ, ఒక్క తీగ తుప్పు పట్టిందంటే నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. కడ్డీ అంటే ఇనుము. కంటికి కనపడుతుంది, పానా పెడితే మాట వింటుంది.

ఒకటే షరతు. కడ్డీలు వేశాక బండి ఎప్పుడూ కిందే ఉంటుంది. పైకి లేపినా పాత ఎత్తుకి రాదు. తారు రోడ్డు మీదే తిప్పు. కాలవ గట్ల జోలికి వెళ్ళావంటే నన్నడగకు. పోస్టింగు పాలకొల్లు చుట్టుపక్కలే వస్తుందన్నావుగా ఆమధ్య, అయితే పరవాలేదు.

కుర్చీ ఎత్తు కొలిచి పంపు. నువ్వు కూర్చున్నాక దిండు అణుగుతుందే, అప్పటి ఎత్తు. ఖాళీ కుర్చీ కొలిచి పంపావంటే లెక్కల టీచరని కూడా చూడను.

సూర్యకళ


పాలకొల్లు,
మార్చి 24.

సూర్యా, ఒసే సూర్యా,

ఎక్కానే! నీ షెడ్డులో ఎక్కినప్పుడు నువ్వు పక్కనున్నావు గనక ఎక్కాననుకున్నాను. ఇంటికొచ్చాక మా గుమ్మం ముందు, ఎవరూ పక్కన లేకుండా, పలక వేసుకుని జర్రున జారి సీట్లో పడ్డాను. కుర్చీ చక్రాలు ఊడదీసి, మడిచి, నా మీదుగా పక్క సీట్లోకి లాగేసుకున్నాను. తలుపేసుకుని ఒక్క క్షణం అలాగే కూర్చున్నాను. ఏడ్చానని నువ్వనుకుంటావు. లేదు, హారన్ కొట్టాను. వీధి వీధంతా బయటికొచ్చింది.

వదిన హారతి పళ్ళెం తెచ్చింది. బండికి తిప్పాలో నాకు తిప్పాలో తెలీక ఇద్దరికీ కలిపి తిప్పేసింది. అన్నయ్య మాత్రం, "ఎందుకమ్మా ఈ అవస్థ, డ్రైవర్నీ ఇద్దరు మనుషుల్నీ పెడతానుగా" అన్నాడు. "మనుషుల్ని నీ చెరువుల దగ్గర పెట్టుకో" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ హారతి కళ్ళకద్దుకున్నాడు.

దిగడం కొంచెం కష్టంగా ఉంది. సీటు ఇప్పుడు కుర్చీ కంటే కిందకి వెళ్ళింది కదా, దిగేటప్పుడు కుర్చీలోకి ఎగబాకాలి. కుడి భుజం పట్టేసింది. వదిన వేణ్ణీళ్ళ కాపడం పెట్టింది. అలవాటైపోతుందిలే.

నిన్ను ఎత్తుకుని తిప్పాలనుంది, నాకు చేతకాదు గనక బతికిపోయావు.

నీ మధు


పాలకొల్లు,
మే 6.

ప్రియమైన సూర్యకళకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం. కౌన్సెలింగ్ అయింది. గోదావరి అవతల ఒక లంక ఊళ్ళో హైస్కూలు వచ్చింది. బళ్ళు తెరిచే రోజు జాయినవ్వాలి. ఊరు బాగుంటుందట.

ఎండలు మండిపోతున్నాయి. కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు ఒక బుట్ట బస్సులో వేయించాను, తీసుకో. బండి బాగుంది.

ఉంటాను.
మధులత


రాజమండ్రి,
మే 12.

మధూ,

ప్రియమైనట! నన్ను నువ్వు ఒసే అనకుండా ఉత్తరం మొదలుపెడితే, నీదో కాదో అని కింద పేరు చూసుకున్నాను. పళ్ళు అందాయి. తియ్యగా ఉన్నాయి. మా ఆయన అరబుట్ట లాగించేశారు.

నిన్న మీ అన్నయ్యగారు ఫోన్ చేశారు. "సూర్యకళగారండీ, బండి కింద రేకు చొట్టపోయి వేలాడుతోందండీ, మీ దగ్గర దొరుకుద్దాండీ?" అన్నారు. ఏమైందండీ అంటే నీళ్ళు నమిలారు. అప్పుడు నీ ఉత్తరంలో గోదావరి అవతల అన్న మాట గుర్తొచ్చి అనుమానం వచ్చింది. ఆ ఊరికి తారు రోడ్డుందా? బళ్ళని రేవు దాటించే పంటు ఎక్కించావా? గట్టు మీదకి తీసుకెళ్ళావా?

బండి బాగుందని రాశావు చూడు, అది చదివి నేను సంతోషించాను. ఆ సంతోషం నాకు వెనక్కి ఇచ్చెయ్. జరిగింది జరిగినట్టు రాయి. ఒక్క ముక్క దాచావంటే బస్సెక్కి వచ్చేస్తాను.

సూర్యకళ


పాలకొల్లు,
మే 16.

సూర్యా,

రాస్తున్నాను. తిట్టదల్చుకుంటే చివరిదాకా చదివి తిట్టు.

కౌన్సెలింగ్‌లో దగ్గర ఊళ్ళన్నీ నా ముందువాళ్ళు తీసేసుకున్నారు. మిగిలిన వాటిలో ఇదే నయం. నీకు చెబితే కడ్డీలతో అక్కడికి వద్దంటావని చెప్పలేదు. బడి ఎలా ఉందో చూసొద్దామని ఏప్రిల్ ఆఖర్లో మంచి రోజు చూసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను.

నరసాపురం రేవులో పంటు ఎక్కేటప్పుడే కింద గరగరమంది. దిగేటప్పుడూ అంతే. సర్లెమ్మనుకున్నాను. అవతల గట్టు రోడ్డు మీద సగం మేర రెండో పంట, దాళ్వా ధాన్యం ఆరబోసి ఉంది. బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు, నీకు తెలుసుగా. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చింది. దారిద్దామని కాస్త పక్కకి తీశాను. మామూలు బండైతే ఆ రాయి మీంచి దాటిపోయేది. నాది రాయెక్కి పొట్ట మీద కూర్చుంది. మీట నొక్కి లేపాను. లేచినంత లేచింది. చాల్లేదు.

ధాన్యం తాలూకు ఆవిడ, అమ్మణ్ణిగారట, "కళ్ళు కనపళ్ళేదేంటి? ఆరు నెలల కష్టం తొక్కేత్తారా?" అని కేకలేసుకుంటూ వచ్చింది. సూర్యా, ఆ కేకలు నాకు బాగానే ఉన్నాయి. ఎవరి ధాన్యం తొక్కినా వాళ్ళు అలాగే తిడతారు. కిటికీలోంచి నా కాళ్ళు చూసి ఆగిపోయింది. "అయ్యో తల్లీ, చూసుకోలేదమ్మా" అంది. అప్పుడు చచ్చిపోవాలనిపించింది.

బండి ఎత్తాలంటే బరువు తగ్గించాలన్నారు. వద్దు వద్దంటున్నా నలుగురు నన్ను ఎత్తి, గట్టు పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. కుర్చీ పక్క సీట్లో ఇరుక్కుపోయింది. మంచివాళ్ళే, మంచినీళ్ళు కూడా ఇచ్చారు. అప్పుడే సైకిలు మీద ఒకాయన ఆగి, "కొత్త హెడ్‌మాస్టారు గారు మీరేనాండీ? నేను మన బళ్ళో అటెండర్నండీ, ఆశీర్వాదం అంటారండీ" అని చేతులు జోడించాడు. గోనెపట్టా మీద కూర్చునే నమస్కారం పెట్టాను. బడి చూడకుండానే తిరిగి వచ్చేశాను.

అన్నయ్య తిట్టలేదు. ప్రమోషన్ వద్దని కాగితం టైపు చేయించి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నీకిష్టమైతేనే అమ్మా" అన్నాడు. దాని మీద సంతకం ఒక్కటే తక్కువ. రేపో ఎల్లుండో పెట్టేస్తాను. ఇంత గొడవ ఎవరి కోసమే? బడి రెండు వీధుల అవతలే ఉంది, పిల్లలు నన్నెరుగుదురు. ఇక్కడే సుద్దముక్క పట్టుకుని రిటైరైపోతాను.

మధు


రాజమండ్రి,
మే 24.

ఒసే, ఒసే, ఒసే,

ఆ సంతకం పెట్టావో నీకూ నాకూ ఈ జన్మకి మాటల్లేవు. ముందు ఇది చదువు.

నిన్ను తిడదామనే కూర్చున్నాను. పోస్టింగు దాచినందుకు, గట్టెక్కించినందుకు, ప్రియమైన అన్నందుకు. తిట్లన్నీ రాసి చింపేశాను. ఎందుకంటే మార్చి నెల ఉత్తరం మళ్ళీ తీసి చదివితే "దిగేటప్పుడు ఎగబాకాలి, భుజం పట్టేసింది" అని కనపడింది. నువ్వు చెప్పావు. నేనే ఎక్కడం మీద సంబరంలో ఆ ముక్క దాటేశాను.

మా పక్కింటి గణేష్‌బాబుగారి చక్రాల కుర్చీ అడిగి షెడ్డుకి తెచ్చాను. అలవాటున కాలు ఊతం పెట్టేస్తానేమోనని చున్నీతో రెండు కాళ్ళూ కలిపి కట్టించుకున్నాను. నీ బండికి జోడీలాంటిది ఒకటి రిపేరుకి వచ్చి ఉంది, దాని పక్కన పలక వేశాను. పనివాళ్ళంతా పానాలు పడేసి చుట్టూ మూగారు. మొదటిసారే జారి నేల మీద చతికిలబడ్డాను. మా హెడ్ మెకానిక్ గంగాధర్ పరిగెత్తుకొచ్చి చంకల్లో చేతులేసి లేపబోయాడు. "ముట్టుకోకు!" అని అరిచాను. ఆ అరుపుకి నాకే భయమేసింది. నువ్వు ఇన్నేళ్ళుగా ఎంత మర్యాదగా వద్దంటున్నావో అప్పుడు తెలిసిందే నాకు.

సాయంత్రందాకా ఎక్కాను, దిగాను. గంగాధర్ కాళ్ళు కూడా కట్టి వాణ్ణీ ఎక్కించాను, వాడు ఇప్పటికీ చేతులు పైకెత్తలేకపోతున్నాడు. మాకు అర్థమైంది ఇదీ. సీటూ కుర్చీ సమానంగా ఉంటే చాలనుకున్నాం మనం. చాలదు. ఎక్కేటప్పుడు సీటు కుర్చీ కంటే కొంచెం కింద ఉండాలి. దిగేటప్పుడు అదే సీటు కుర్చీ కంటే కొంచెం పైన ఉండాలి. వెళ్ళేటప్పుడూ పల్లం కావాలి, వచ్చేటప్పుడూ పల్లం కావాలి! దేవుడు ఇలాంటి నేల ఎక్కడా చేయలేదు. సీటొక్కటే మోటారుతో లేపితే తొడలు స్టీరింగు కింద ఇరుక్కుంటాయి. బండి మొత్తం లేవాలి, బండి మొత్తం దిగాలి. కడ్డీ ఆ పని చేయలేదు. అది ఒక్కచోటే చచ్చినట్టు ఉంటుంది. గాలి సంచులున్న బండికి పెట్టె తగిలిస్తేనే అవుతుంది.

అవునే, నాకు గిట్టని పెట్టే. తెప్పించాను. ఉప్పుగాలి తగలకుండా తీగలన్నీ రబ్బరు గొట్టాల్లో దూర్చి, పెట్టెని డాష్‌బోర్డు లోపల పొడిచోట పెడుతున్నాను. నీ చేతి బ్రేకు పక్కన రెండు మీటలు. కిందది నొక్కితే బండి కూర్చుంటుంది, పైది నొక్కితే లేస్తుంది. ఆగి ఉన్నప్పుడే కూర్చుంటుంది. కదిలి కాస్త వేగం అందుకుంటే దానంతటదే మామూలు ఎత్తుకి వచ్చేస్తుంది. పంటు దగ్గరా గట్టు మీదా పై మీట నొక్కి మెల్లగా తోలుకో, రాళ్ళూ రప్పలూ నీ కిందనుంచి వెళ్ళిపోతాయి. దిగి తాళం వేశావంటే మళ్ళీ కిందకి కూర్చుని నీకోసం కాచుకుని ఉంటుంది.

ఎల్లుండి గంగాధర్ వచ్చి బండి తీసుకొస్తాడు. ఆ కాగితం వాడి చేతికివ్వు. షెడ్డులో నా బల్ల కాలు ఒకటి ఊగుతోంది, దాని కింద మడిచి పెడతాను.

నీ సూర్య


గోదావరి అవతల నుంచి,
జూన్, సోమవారం.

నా సూర్యా,

కాగితం గంగాధర్‌కే ఇచ్చాను, సంతకం లేదు, చూసుకున్నావుగా. బండి ఇంటికొచ్చాక నీకు ఫోన్లో "బాగుందే" అని అరిచింది నేనే, ఎవరండీ అనలేదు, సంతోషం. ఇప్పుడు అసలు కబురు విను.

గురువారం బళ్ళు తెరిచారు. అన్నయ్య వెంట వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. తన బండిలో చెరువుల దగ్గర పనిచేసే నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని నా వెనకే బయల్దేరాడు. "ఊరికే, తోడుగా" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు.

రేవులో పై మీట నొక్కాను. బండి బుస్సుమని లేచింది. పంటు ఎక్కేటప్పుడు చెవులు రిక్కించి విన్నాను. ఏ చప్పుడూ లేదే! పంటు ఇనుప రేకు నా బండిని తాకనే లేదు. అవతల గట్టు మీద తొలకరి పడి గతుకులు నిండా నీళ్ళు. పడవలో వెళ్ళినట్టు దాటేశాను. అమ్మణ్ణిగారి ఇంటి ముందు హారన్ కొట్టాను. ఆవిడ బయటికొచ్చి, "ఇదేంటమ్మా, ఈ బండి పెరిగిందా?" అంది. పెరిగిందండీ అన్నాను.

స్కూలు గేటు లోపల పిల్లలు వరసల్లో ఉన్నారు. టీచర్లు దండ పట్టుకుని నిలబడ్డారు. నేను బండి ఆపానో లేదో అన్నయ్య మనుషులు నలుగురూ దూకి పరిగెత్తుకొచ్చారు. ఆశీర్వాదం గారు కూడా కండువా నడుముకి చుట్టేశారు. అన్ని చేతులు నా తలుపు వైపు! "ఆగండి" అన్నాను. గొంతు పెగిలిందే. "అందరూ రెండడుగులు వెనక్కి జరగండి."

తలుపు తీసి కుర్చీ బయటికి లాగి బిగించుకున్నాను. పలక వేశాను. పై మీట నొక్కాను. బండి నాతో సహా మెల్లగా లేచింది. పిల్లలందరూ ఓ అని అరిచారు. పలక మీంచి జారి నా కుర్చీలో నేను కూర్చున్నాను. భుజానికి పనే పడలేదు, పల్లంలోకి నీళ్ళు పోయినట్టు పోయాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుని తాళం వేశాను. బండి గేదె కూలబడ్డట్టు కిందకి కూర్చుంది. ఏడో తరగతి పిల్ల ఒకతి వరస తప్పి ముందుకొచ్చి, "మేడంగారండీ, ఇంకోసారి లేపరాండీ?" అంది. మళ్ళీ తలుపు తీసి, చెయ్యి లోపలికి చాపి లేపాను! చార్జి తీసుకోకముందే రెండుసార్లు లేపాను, దించాను. లెక్కల మాస్టారు చినబాబుగారైతే వంగి బండి కిందకి చూస్తున్నారు.

తర్వాత చూశానే. ఆఫీసు గదికి మూడు మెట్లు. పిల్లల గదులన్నిటికీ వాలుబాటలున్నాయి, ఆఫీసుకి లేదు. కుర్చీ తోసుకుని పిల్లలు వస్తారనుకున్నారు గానీ హెడ్‌మిస్ట్రెస్ వస్తుందని ఎవరూ అనుకోలేదు మరి. ఆశీర్వాదం గారు, "కుర్చీతో సహా లేపేత్తామండీ, చిటికెలో పనండీ" అన్నారు. ఆ నలుగురూ మళ్ళీ చేతులు చాపారు. అన్నయ్య నా ముఖంలోకి చూశాడు.

ఒక్క క్షణం మెత్తబడ్డాను సూర్యా, అబద్ధం చెప్పను. ఇంత దూరం వచ్చాను, మూడు మెట్లేగా అనిపించింది. కానీ పిల్లలందరూ చూస్తున్నారు. "నేను పైకి రానండీ. నా బల్ల కిందకి తీసుకురండి" అన్నాను.

తెచ్చారు. బల్ల, రిజిస్టర్లు, గంట, గోడ మీది గడియారంతో సహా మోసుకొచ్చి పిల్లల ఎదుట ముంగిట్లో వేశారు. అక్కడే చార్జి తీసుకున్నాను. అక్కడే స్టాఫ్ మీటింగు పెట్టాను. మొదటి సంతకం ఆఫీసుకి వాలుబాట కట్టించాలన్న తీర్మానం మీద పెట్టాను. చినుకు పడితే గొడుగు పట్టారు, మీటింగు ఆపలేదు.

అన్నయ్య అంతసేపూ తన బండికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. మీటింగు అయ్యాక ఆశీర్వాదం గారి దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ ఇటికలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగాడు. నన్ను మొయ్యడానికొచ్చిన నలుగురూ మధ్యాహ్నం నుంచి ఇటికలు మోశారు. చినబాబుగారు వాలు ఎంతుండాలో తాడు కట్టి చూపించారు. అన్నయ్య తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తాపీ పట్టాడు. వాడికి తాపీ పట్టడం రాదు, ఊరి మేస్త్రీ రెండుసార్లు కసిరితే రెండుసార్లూ దిద్దుకున్నాడు. శుక్ర, శనివారాలు ముంగిట్లోనే ఆఫీసు నడిపాను. పిల్లలకి అదే బాగుందట.

ఇవాళ సిమెంటు ఆరింది, బల్ల మళ్ళీ గదిలోకి చేరింది. పొద్దున్న అన్నయ్య మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. వాలుబాట మొదట్లో నా కుర్చీ వెనక నిలబడి తోయడానికి చెయ్యి చాపాడు. వెంటనే తనే వెనక్కి తీసేసుకున్నాడు. నేను చక్రాలు తిప్పుకుంటూ పైకెళ్ళి, గదిలోకి వెళ్ళి, నా బల్ల వెనక నా చోటులోకి తిరిగాను. చూస్తే వాడు లోపలికి రాలేదు. చెప్పులు విప్పుకుని గుమ్మం బయటే నిలబడి, నలుగురి ముందూ, "లోపలికి రావచ్చాండీ?" అని అడిగాడు.

"రా అన్నయ్యా, కూర్చో" అన్నాను.

ఈ ఉత్తరం ఆ గదిలోంచే రాస్తున్నాను. గంట కొట్టే వేళయింది.

మధులత,
హెడ్‌మిస్ట్రెస్